పాత ట్యూబ్ యాంప్ కొనేముందు ఇనుము చూడండి

సంతలో ఎద్దును కొనే రైతు ముందు పళ్ళు చూస్తాడు. తర్వాత గిట్టలు, సుడులు చూస్తాడు. ఆపైన కాడి కట్టి నాలుగడుగులు నడిపిస్తాడు. కొమ్ములకు పూసిన రంగు చూసి డబ్బు లెక్కపెట్టే రైతు ఉండడు. పాత ట్యూబ్ గిటార్ యాంప్ (యాంప్లిఫయర్) కొనేటప్పుడు మాత్రం మనవాళ్ళు చాలామంది ఆ రంగు దగ్గరే ఆగిపోతున్నారు.

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ శని, ఆదివారాల్లో బ్యాండ్లలో వాయించే తెలుగు కుర్రాళ్ళు నాకు తరచూ ఫోన్ చేస్తుంటారు. "అన్నా, 1972 ఫెండర్ డీలక్స్ రివర్బ్ ఒకటి అమ్మకానికుంది. అమెరికా నుంచి తిరిగొచ్చినాయన సామానుతో పాటు తెచ్చుకున్నాడంట. కొత్తదానిలా ఉంది. తీసుకోమంటావా?" ఫెండర్ అమెరికన్ గిటార్ యాంప్ కంపెనీ, డీలక్స్ రివర్బ్ దాని మోడల్. నేను చెప్పేది ఒకటే. వెనక పలక విప్పి ఫోటో తీసి పంపమంటాను. నాబ్‌లు మెరుస్తున్నాయా, గ్రిల్లు గుడ్డ చిరిగిందా అన్నది చివర్లో చూసుకోవచ్చు. యాభై ఏళ్ళ యాంప్‌లో అరిగిపోయే భాగాలు కొన్ని, అరగనివి కొన్ని ఉంటాయి. అరిగిపోయేవి ఎలాగూ మారుస్తాం. మనం డబ్బు పెట్టాల్సింది అరగని వాటి మీద, ముఖ్యంగా ఇనుము మీద, అంటే ట్రాన్స్‌ఫార్మర్ల మీద. ఈ తేడా తెలియకే, మంచి ట్యూబులున్నాయని కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు, హమ్ము (గుమ్మనే మోత) వస్తోందని బంగారం లాంటి యాంప్‌ను వదులుకున్నవాళ్ళూ ఉన్నారు.

ముందు ట్యూబ్ అంటే ఏమిటో రెండు మాటలు. మా బాబాయి హిందూపురంలో రేడియో రిపేరు షాపు నడిపాడు. ఆయన నోట ఇవి ఎప్పుడూ "వాల్వులే". గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక లోహపు గొట్టం వేడెక్కి ఎలక్ట్రాన్లను వదులుతుంది. ఎదురుగా ఉన్న ప్లేటు మీద వందల వోల్టులు ఉంటాయి కాబట్టి అవి అటు పరుగెడతాయి. మధ్యలో సన్నని తీగల జల్లెడ ఒకటి ఉంటుంది. గిటార్ నుంచి వచ్చే చిన్న వోల్టేజీ ఆ జల్లెడ మీద పడి, కాలువకు తూములాగా ఆ ప్రవాహాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. 1906లో లీ డి ఫారెస్ట్ తెచ్చిన ఆడియన్‌లోనే ఈ మూడు భాగాలున్నాయి. తర్వాత రేడియోల్లోకి ట్రాన్సిస్టర్లు వచ్చి వాల్వులు వెళ్ళిపోయాయి. గిటార్ వాయించేవాళ్ళు మాత్రం వదల్లేదు. ట్యూబును దాని శక్తికి మించి తోస్తే స్వరం ఒక్కసారిగా తెగిపోదు. మెల్లగా మెత్తబడి, గరుకెక్కి, చివరికి పాడుతున్నట్టు సాగుతుంది. తీగను గట్టిగా మీటితే ఒకలా, మెల్లగా మీటితే ఒకలా పలుకుతుంది. ఆ స్పందన కోసమే ఈ బరువంతా మోస్తున్నాం.

ఇప్పుడు ఇనుము సంగతి. ప్రతి ట్యూబ్ యాంప్‌లోనూ కనీసం రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ గోడ కరెంటును ట్యూబులకు కావలసిన వందల వోల్టులుగానూ, హీటర్లకు కావలసిన 6.3 వోల్టులుగానూ మారుస్తుంది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ట్యూబులకూ స్పీకరుకూ మధ్య దుబాసీ. ట్యూబు వైపు కొన్ని వేల ఓములు, స్పీకరు వైపు ఎనిమిదే. అది లేకపోతే ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. ఇవి ఇనప రేకులు, రాగి తీగ, కాగితం. సరిగ్గా వాడితే మనిషి ఆయుష్షును దాటిపోతాయి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే మాత్రం యాంప్ గొంతు మారుతుంది, అమ్మబోతే విలువా పడిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ అసలుదేనా అని తెలుసుకోవడానికి ఒక మంచి దారి ఉంది. అమెరికాలో తయారైన విడిభాగాల మీద కంపెనీ సంఖ్య, ఏడాది, వారం కలిపి అచ్చు వేసేవాళ్ళు. ఫెండర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద 606 అని మొదలైతే అది షూమాకర్ తయారీ. 606-213 అని ఉంటే ఏడాది చివరి అంకె 2, వారం 13. అంటే 1962 గానీ 1972 గానీ. దశాబ్దం ఏదో మోడల్‌ను బట్టి మనమే తేల్చుకోవాలి. స్పీకరు మీద 220 ఉంటే జెన్సెన్, 465 ఉంటే ఆక్స్‌ఫర్డ్. వాల్యూమ్, టోన్ పాట్‌ల (నాబ్‌ల వెనక ఉండే పొటెన్షియోమీటర్ల) మీద 137 అంటే సీటీఎస్. పాట్‌ల మీద ఏడాదికి రెండు అంకెలు ఉంటాయి కాబట్టి 1377210 అంటే 1972 పదో వారం అని గందరగోళం లేకుండా తెలిసిపోతుంది. విడిభాగాల తేదీలు యాంప్ తేదీకి కొన్ని నెలలు ముందుండడం మామూలే. 1972 అని చెప్పి అమ్ముతున్న యాంప్‌లో ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏ అంకే లేకుండా కొత్తగా మెరుస్తుంటే మాత్రం అడగండి. మార్చడం నేరం కాదు, దాచడమే తప్పు. మార్చారని తెలిస్తే ఆ మేరకు ధర తగ్గించమని అడగొచ్చు.

మోడళ్ళ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. 1963 నుంచి 1967 దాకా వచ్చిన నల్ల ప్యానెల్ ఫెండర్లకు పేరు ఎక్కువ, ధరా ఎక్కువే. 1965లో సీబీఎస్ అనే అమెరికన్ ప్రసార సంస్థ ఆ కంపెనీని కొన్నది. 1968లో ప్యానెల్ వెండి రంగుకు మారింది. అక్కడితో నాణ్యత పోయిందని ఒక పుకారు స్థిరపడిపోయింది. తొలి సిల్వర్‌ఫేస్ (వెండి ప్యానెల్) డీలక్స్ రివర్బ్‌లలో సర్క్యూట్ దాదాపు పాతదే. కాబట్టి రంగుకు డబ్బు కట్టకండి. బ్రిటిష్ వాటిలో మార్షల్‌కు అసలు పునాది కూడా ఫెండరే. 1962లో జిమ్ మార్షల్ లండన్ హాన్‌వెల్‌లోని తన షాపులో మొదలుపెట్టిన జేటీఎమ్45, ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్ మీద కట్టిందే. బ్రిటిష్ యాంప్‌లతో మనకో సౌకర్యం ఉంది. అవి 50 హెర్ట్జ్ కరెంటుకే పుట్టాయి. చాలావాటికి వెనక వోల్టేజీ సెలెక్టరు కూడా ఉంటుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు వాటేజీ చూసి మోసపోవద్దు. డీలక్స్ రివర్బ్ 22 వాట్లు, ఫెండర్‌దే ఇంకో మోడల్ ట్విన్ రివర్బ్ 85 వాట్లు. దాదాపు నాలుగు రెట్ల తేడా కదా అనిపిస్తుంది, చెవికి తెలిసేది ఆరు డెసిబెల్సే. 22 వాట్లే పక్క ఫ్లాటువాళ్ళను తలుపు తట్టేలా చేస్తాయి. పైగా ట్విన్ 29 కిలోలు, డీలక్స్ 19 కిలోలు. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటే ఆ పది కిలోల తేడా ప్రతి వారం తెలుస్తుంది.

పోయినేడు మిత్రుడొకడు కె.ఆర్.పురంలో ఒక సిల్వర్‌ఫేస్ డీలక్స్ చూడ్డానికి వెళ్తుంటే బాబాయిని కూడా తీసుకెళ్ళాం. ఆయన స్విచ్చు జోలికి పోలేదు. ముందు వంగి వాసన చూశాడు. కాలిన వార్నిష్ వాసన ఒకసారి పట్టిందంటే ఏళ్ళు గడిచినా పోదట. తర్వాత ఫ్యూజు విప్పాడు. వెనక పలక మీద రాసిన విలువే ఉండాలి. మన దగ్గర ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టేయడం అలవాటు కదా. ఆ తీగ కనిపిస్తే ఎవరో అసలు జబ్బును కప్పిపెట్టి నడిపారన్నమాట. ఆపైన ట్యూబులు ఒక్కొక్కటే తీసి వెలుతురులో తిప్పి చూశాడు. గాజు లోపల, ఎక్కువ ట్యూబులకు తల దగ్గర, అద్దంలా మెరిసే వెండి మచ్చ ఉంటుంది. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి జొరబడినట్టే, ఆ ట్యూబు పనికిరాదు.

అప్పుడు సంచిలోంచి సిరీస్ బల్బు బోర్డు తీశాడు. రేడియో మెకానిక్కులందరి దగ్గరా ఉండే సాధనం ఇది. వంద వాట్ల పాతకాలపు బల్బును యాంప్‌కు ముందు సిరీస్‌లో పెడతారు. ట్యూబులన్నీ పీకేసి స్విచ్చు వేశాడు. బల్బు ఒక్కసారి భగ్గుమని, వెంటనే మసకబారింది. "ట్రాన్స్‌ఫార్మర్ బతికే ఉందిరా" అన్నాడు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటుంది, కరెంటు దాని మీదే ఆగి యాంప్ కాలకుండా బతుకుతుంది. ట్యూబులు పెట్టి మళ్ళీ వేస్తే కాసేపు వెలిగి నారింజ రంగులో నిలబడింది. ఇంతసేపూ ఆయన ఎడమ చెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది. నేను రెండు చేతులతో చాసిస్ (భాగాలన్నీ బిగించిన లోహపు చట్రం) పట్టుకోబోతే కసిరాడు. "ఒక చెయ్యి జేబులో పెట్టుకోరా! రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది."

ఆ మాట ఊరికే అన్నది కాదు. ఈ యాంప్‌లలో 400 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా, విద్యుత్తును నిల్వ చేసుకునే కెపాసిటర్లలో అది నిలిచి ఉండొచ్చు. దాన్ని రెసిస్టరుతో ఖాళీ చేసి, మల్టీమీటరుతో సున్నాకు వచ్చిందని చూసుకున్నాకే వేలు పెట్టాలి. ఆ పని రానివాళ్ళు చాసిస్ బయటికి తీయకండి. వెనక పలక వరకు మీది, అక్కణ్ణుంచి మెకానిక్కుది.

మన దేశంలో అమెరికన్ యాంప్ నడపడంలో అసలు చిక్కు కరెంటుతో వస్తుంది. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజీ తేడాను బయట పెట్టే స్టెప్‌డౌన్ (వోల్టేజీ తగ్గించే) ట్రాన్స్‌ఫార్మర్ సరిచేస్తుంది. హెర్ట్జ్ తేడాను సరిచేయదు. 60 హెర్ట్జ్‌లో కరెంటు 8.3 మిల్లీసెకన్లకోసారి దిశ మారుతుంది. 50 హెర్ట్జ్‌లో పది మిల్లీసెకన్లు ఒకే వైపు తోస్తూ ఉంటుంది. అందువల్ల ఇనుములో అయస్కాంత బలం ఇరవై శాతం ఎక్కువ పేరుకుంటుంది. 60కి సరిపోయేలా కొలిచి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ అయితే దానికి తట్టుకోలేక వేడెక్కుతుంది. గంట వాయించాక పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి నిలవకపోతే దాన్ని పట్టించుకోవాల్సిందే. అలాంటప్పుడు 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కు చేసిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ బిగించి, అసలుదాన్ని గుడ్డలో చుట్టి దాచమంటాను. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌తో పోలిస్తే స్వరంలో దీని వాటా తక్కువ.

స్టెప్‌డౌన్ ఎంత పెద్దది కావాలి? యాంప్ మీద 22 వాట్లని ఉందని యాభై వీఏది (వోల్ట్-ఆంపియర్, స్టెప్‌డౌన్ మోయగల భారం) కొంటే అది కాలిపోతుంది. హీటర్లే చాలా కరెంటు తాగుతాయి. డీలక్స్‌కు 300 వీఏ, ట్విన్‌కు 500 వీఏ ఉండేది తీసుకుంటే నిశ్చింత. మన సాకెట్లో రాత్రిళ్ళు 240 దాటడం కూడా ఉంది. అప్పుడు స్టెప్‌డౌన్ తర్వాతా ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది. ఇదంతా సరిగ్గా ఉందో లేదో ఒక్క కొలతతో తెలుస్తుంది. ట్యూబులన్నీ పెట్టి నడుస్తుండగా హీటరు వోల్టేజీ చూడమని మెకానిక్కుకు చెప్పండి. 6.3 దగ్గర ఉంటే అంతా బాగున్నట్టే. ఏడుకు చేరువైతే ట్యూబుల ఆయుష్షు తరిగిపోతోంది.

ఇంతకన్నా ముఖ్యమైంది ఎర్త్. నాకు జరిగింది చెప్తాను. మొదట్లో బజార్లో దొరికిన ఒక స్టెప్‌డౌన్ కొన్నాను. దానికి బయటికి రెండు పిన్నుల సాకెట్టే ఉంది. యాంప్ 1960ల నాటిది, దాని తీగా రెండు పిన్నులదే. ప్రాక్టీసులో గిటార్ తీగల మీద వేళ్ళుంచి మైకులో పాడబోయాను. పెదవికి మైకు తగిలీ తగలకముందే షాక్ కొట్టింది. నోరంతా తిమ్మిరెక్కింది, ఆ రోజు మళ్ళీ గిటార్ పట్టుకోలేదు. మైకు మిక్సరు ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంది, నా గిటార్ మాత్రం ఎర్త్ లేని చాసిస్‌కు కలిసి ఉంది. ఆ కాలం యాంప్‌లలో హమ్ము తగ్గించడానికి కరెంటు తీగకూ చాసిస్‌కూ మధ్య ఒక కెపాసిటరు పెట్టేవాళ్ళు. వెనక "గ్రౌండ్" అని ఉండే స్విచ్చు దానిదే. అది లీకైతే కరెంటు చాసిస్‌కు, అక్కణ్ణుంచి గిటార్ తీగలకు, అక్కణ్ణుంచి మనకు. గిటార్ వాళ్ళు దాన్ని డెత్ క్యాప్ అని పిలవడంలో అతిశయోక్తి లేదు. ఇలాంటి యాంప్ ఇంటికి రాగానే చేయాల్సిన మొదటి పని ఆ కెపాసిటరు తీయించి, మూడు తీగల కేబుల్ వేయించి, పచ్చ తీగను చాసిస్‌కు గట్టిగా బిగించడం. గోడ సాకెట్టు నుంచి స్టెప్‌డౌన్ మీదుగా చాసిస్ దాకా ఎర్త్ ఎక్కడా తెగకూడదు. పాత యాంప్ అసలు రూపం చెడుతుందని దీనికి వెనకాడేవాళ్ళతో నేను ఎంతసేపైనా వాదిస్తాను. మూడు పిన్నుల స్టెప్‌డౌన్ దొరకకపోతే బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్ళ దగ్గర చెప్పి చేయించుకోండి.

ఇక అరిగిపోయే భాగాలు. వీటిలో అందరి కన్నూ ట్యూబుల మీదే ఉంటుంది కానీ, ముందు ముసలివయ్యేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. బాబాయి భాషలో కండెన్సర్లు. లోపల అల్యూమినియం రేకు, తడి కాగితం ఉంటాయి. ఆ తడి పదిహేను, ఇరవై ఏళ్ళలో ఆరిపోతుంది. యాభై ఏళ్ళ యాంప్‌లో డీసీని చదును చేసే ఈ రకం ఫిల్టర్ కెపాసిటర్లు అసలువే ఉన్నాయని అమ్మేవాడు గొప్పగా చెప్తే, వాటిని మార్చే ఖర్చు మీ మీద పడుతుందని అర్థం. అది బేరంలో తగ్గించండి. సిగ్నల్ దారిలో ఉండే కప్లింగ్ కెపాసిటర్లు వేరే రకం. అవి లీకవకపోతే ముట్టుకోవద్దు. ఉన్నవన్నీ పీకి కొత్తవి వేస్తానన్న మెకానిక్కు దగ్గర నుంచి యాంప్ వెనక్కి తెచ్చుకోండి.

కెపాసిటర్లు ఆరిపోయాయో లేదో చెవితోనే పట్టుకోవచ్చు. మన 50 హెర్ట్జ్ కరెంటును డీసీగా మార్చినప్పుడు మిగిలే అల 100 హెర్ట్జ్. గిటార్ ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద వచ్చే జీ స్వరం 98 హెర్ట్జ్. యాంప్‌లో గిటార్ పెట్టకుండా వచ్చే హమ్మును ఆ స్వరంతో పోల్చి చూడండి. దాదాపు అదే శ్రుతిలో ఉంటే అనుమానం ఫిల్టర్ కెపాసిటర్ల మీదకు పోవాలి. అంతకు ఒక స్థాయి కింద, బాస్ గిటార్ జీలా గుమ్మంటుంటే 50 హెర్ట్జ్, అంటే హీటరు వైరింగో ఎర్త్ లూపో (ఎర్త్ రెండు దారుల్లో కలవడం) చూడాలి. తంబురా శ్రుతి విని పెరిగిన చెవులకు ఈ తేడా కష్టం కాదు.

ట్యూబుల్లో చిన్నవి, అంటే 12ఎఎక్స్7 లాంటివి, ఏళ్ళ తరబడి ఉంటాయి. పెన్సిలు వెనకభాగంతో మెల్లగా తట్టినప్పుడు స్పీకరులో గంటలా మోగితే దాన్ని మార్చాలి. అరిగేది పెద్ద పవర్ ట్యూబులు. కొత్త జత వేసినప్పుడు బయాస్ సరిచూడాలి. ఊరికే నిలబడి ఉన్నప్పుడు ట్యూబు ఎంత కరెంటు తాగాలో పెట్టే కొలత అది. లెక్క సులువు. డీలక్స్‌లో ఉండే 6వి6 పవర్ ట్యూబు ప్లేటు భరించేది 12 వాట్లు. అందులో 70 శాతం దాటనివ్వకూడదన్నది మెకానిక్కుల కట్టుబాటు, అంటే 8.4 వాట్లు. డీలక్స్‌లో ప్లేటు మీద సుమారు 415 వోల్టులు. భాగిస్తే 20 మిల్లీఆంపియర్లు. మరీ తక్కువ పెడితే స్వరం పలచగా, గాజుముక్కల్లా ఉంటుంది. ఎక్కువ పెడితే ప్లేటు ఎర్రగా కాలి కనిపిస్తుంది, వెంటనే ఆపేయాలి. గాజు గోడ మీద నీలిరంగు మెరుపు కనిపిస్తే మాత్రం భయం లేదు. ఇంకొకటి గుర్తుంచుకోండి. పాత 6వి6 డేటాషీట్లలో ప్లేటు వోల్టేజీ హద్దు 350 దాటదు. ఫెండర్ దాన్ని దాటి నడిపింది. కాబట్టి డీలక్స్‌కు గట్టి ట్యూబు కావాలి, మన సాకెట్లో వోల్టేజీ పెరిగితే ఇంకా గట్టిది కావాలి.

కొత్త ట్యూబులు ఇప్పుడు ఎక్కువగా స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి. ఒకప్పుడు మన ఊళ్ళోనే చేసేవాళ్ళన్న సంగతి ఇక్కడ గిటార్ వాయించే చాలామందికి తెలియదు. బెంగళూరు జాలహళ్ళిలోని భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) 1960ల మొదట్లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. బీఈఎల్ అని అచ్చు ఉన్న ఇఎల్84లు ఇప్పటికీ పాత స్టాకుల్లో కనిపిస్తాయి. బ్రిటిష్ యాంప్ వాక్స్ ఏసీ30లో నాలుగు ఉండేది సరిగ్గా ఆ ట్యూబే. ఆ యాంప్ ట్యూబులను బాగా వేడిగా నడుపుతుంది, త్వరగా తినేస్తుంది. అలాంటి యాంప్ ఉన్నవాళ్ళు, పరీక్షించి ఇచ్చేవాళ్ళు దొరికితే, బీఈఎల్‌వి నాలుగు తీసి ఉంచుకోవచ్చు. అట్టపెట్టె బాగుందని పరీక్షించని ట్యూబుకు డబ్బు పోయకండి.

వాడకంలో తప్పనిసరి నియమం ఒకటి. స్పీకరు తగిలించకుండా యాంప్ నడపొద్దు. వెళ్ళే దారి లేని శక్తి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీగా లేచి లోపలి ఇన్సులేషన్‌ను చీల్చేస్తుంది. అరగదనుకున్న ఇనుమును ఒక్క నిమిషంలో చంపే పని ఇదే. కరెంటు పోయి ఇన్వర్టరు మీదకు మారితే యాంప్ ఆపేయండి. చవక ఇన్వర్టర్ల కరెంటు చతురస్రపు అలలా ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది. చెన్నై నుంచి వచ్చిన యాంప్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ రేకుల అంచుల్లో తుప్పు, స్పీకరు కాగితం మీద బూజు చూసుకోండి. సముద్రపు గాలి దేన్నీ వదలదు. బెంగళూరులో ఉప్పు లేదు కానీ, వానాకాలం మూలన పడేస్తే తేమ ఇక్కడా పడుతుంది. వారానికోసారి అరగంట నడిపితే ఆ వేడికే లోపలంతా ఆరుతుంది, కెపాసిటర్లకూ మంచిది.

1950, 60లలో ఫెండర్ ఫ్యాక్టరీలో వైరింగ్ చేసిన ఆడవాళ్ళు తమ పేరు మాస్కింగ్ టేపు మీద రాసి చాసిస్ లోపల అతికించేవాళ్ళు. ఆ సంగతి చెప్తే బాబాయి ఏమీ అనలేదు. కె.ఆర్.పురం యాంప్‌ను మా వాడు కొన్నాడు. కెపాసిటర్లు, తీగ, ఎర్త్ పని అంతా ముగిశాక బాబాయి నా నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, తేదీ వేసి, తెలుగులో రాశాడు: "హీటరు 6.4. ప్లేటు 418. ఒక్కో వాల్వు 20 మిల్లీ. ఫిల్టర్ కండెన్సర్లు అన్నీ కొత్తవి. డెత్ క్యాప్ తీసేసినాను." దాన్ని క్యాబినెట్ లోపలి గోడకు, ట్యూబుల వేడి తగలని చోట, టేపుతో అతికించి వెనక పలక బిగించాడు.